ఈ-సైకిల్‌కి ఎన్ని గేర్లు ఉండాలి? సింగిల్ స్పీడా, 7 ఆ, 21 ఆ? (ఎంవీపీ కాలనీ నుంచి రుషికొండ ఐటీ హిల్స్ దాకా)

#1
అలల_ఒడ్డు, విశాఖపట్నం

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

ఉండేది ఎంవీపీ కాలనీ, ఆఫీసు రుషికొండ ఐటీ హిల్స్ మీద. బీచ్ రోడ్డు మీదుగా పది కిలోమీటర్ల లోపే. స్కూటీ పక్కన పెట్టి ఈ-సైకిల్ మీద వెళ్దామని అనుకుంటున్నాను. దారి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు: తెన్నేటి పార్కు దగ్గర ఒక ఎత్తు, ఆ తర్వాత చిన్నాచితకా ఎత్తుపల్లాలు, చివర్లో ఆఫీసు కొండ. పైగా సముద్రపు గాలి ఎటు నుంచి కొడుతుందో ఏ రోజుకారోజే.

షాపులో మూడు చూశాను. ఒకటి సింగిల్ స్పీడ్, ఒకటి 7 గేర్లు, ఒకటి 21 గేర్లు. సేల్స్ అబ్బాయి "21 తీసుకోండి మేడమ్, ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది, ఏ కొండయినా ఎక్కేస్తుంది" అన్నాడు. మా తమ్ముడేమో "మోటార్ ఉన్నాక గేర్లెందుకే, దండగ" అంటున్నాడు. ఇద్దరూ నమ్మకంగానే చెబుతున్నారు. నాకే టెన్షన్.

నా బరువు 62 కిలోలు, ల్యాప్‌టాప్ బ్యాగు, టిఫిన్ డబ్బా కలిపి ఓ 6 కిలోలు. స్కూల్లో చదివేటప్పుడు తొక్కడమే, మళ్ళీ సైకిల్ ముట్టుకోలేదు. మోకాళ్ళు ప్రస్తుతానికి బాగానే ఉన్నాయి, అలాగే ఉంచుకోవాలని కోరిక.

#2
గచ్చిబౌలి_గేరు, హైదరాబాద్

అక్కా, మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్. నా పేరులో గేరు ఉంది గానీ నా సైకిల్‌కి లేదు :) ఏడాదిన్నర నుంచి సింగిల్ స్పీడ్ ఈ-సైకిలే నడుపుతున్నా. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, అదే మన ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు కింద ట్రాకు, వారానికి మూడు సార్లు. గేరు లేదే అని ఒక్కసారి కూడా అనిపించలేదు.

గేర్లు ఉంటే వైరు సాగుతది, చైన్ పడతది, సర్వీసుకి తిరగాలె. సింగిల్ అయితే గాలి కొట్టు, చైన్‌కి ఆయిల్ ఎయ్యి, పో. అంతే.

#3
పానా_18, గాజువాక

గచ్చిబౌలి తమ్ముడూ, నీ మాట తప్పు కాదు. కానీ నువ్వు తొక్కేది ఎండా వానా పడని ట్రాకు మీద. అక్కడ ఎత్తు వచ్చినా వచ్చినట్టు తెలీదు. మేడమ్ గారు ఎక్కాల్సింది ఐటీ కొండ. దానికీ దీనికీ పోలిక లేదు.

మాది సైకిల్ రిపేరు షాపు, నాన్నగారి హయాం నుంచీ ఉంది. ఈ మధ్య వచ్చేవాటిలో నాలుగో వంతు బ్యాటరీ సైకిళ్ళే. అందుకని గేర్ల సంఖ్య కన్నా ముందు నేను రెండు విషయాలు అడుగుతాను.

ఒకటి, మోటార్ ఎక్కడుంది? వెనక చక్రం మధ్యలో డబ్బాలా ఉంటే హబ్ మోటార్. పెడళ్ళ దగ్గర ఉంటే మిడ్ డ్రైవ్. హబ్ మోటార్ తన బలాన్ని నేరుగా చక్రానికే ఇస్తుంది, చైనుతో దానికి సంబంధం లేదు. మీరు ఒకటో గేరులో ఉన్నా ఏడో గేరులో ఉన్నా దానికి తెలియను కూడా తెలియదు. అంటే ఆ గేర్లు మోటారుకి కాదు, మీ కాళ్ళకి. మిడ్ డ్రైవ్ అయితే అది కూడా మీలాగే చైనుని లాగుతుంది కాబట్టి గేరు మారితే మోటారు పనీ మారిపోతుంది.

రెండు, పళ్ళెన్ని? ముందు పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రానికి ఎన్ని, వెనక పళ్ళ చక్రాల్లో అన్నిటికన్నా చిన్నదానికి ఎన్ని, పెద్దదానికి ఎన్ని. 7 అని, 21 అని స్టిక్కరు మీద రాసింది చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. సుద్దముక్క తీసుకెళ్ళి ఒక పన్ను మీద గీత పెట్టి లెక్కపెట్టుకు రండి. వాళ్ళు అదోలా చూస్తారు, చూడనివ్వండి.

#4
అలల_ఒడ్డు

లెక్కపెట్టాను! సుద్దముక్క దొరకలేదు, లిప్‌స్టిక్‌తో గీత పెట్టాను. సేల్స్ అబ్బాయి ముందు కంగారు పడ్డాడు, తర్వాత వాడే కూర్చుని వెనకవి లెక్కపెట్టాడు. "మేడమ్, మూడేళ్ళ నుంచి అమ్ముతున్నా, ఇది ఎవరూ అడగలేదు" అన్నాడు.

మూడూ వెనక హబ్ మోటారే. 36 వోల్టులు, 250 వాట్లు.

సింగిల్ స్పీడ్: ముందు 44, వెనక 16. చక్రం 26 అంగుళాలు.
7 గేర్లది: ముందు 42, వెనక 14 నుంచి 28 వరకు. చక్రం 27.5.
21 గేర్లది: ముందు మూడు, 42, 34, 24. వెనక అదే 14 నుంచి 28. చక్రం 27.5.

సైకిల్ బరువు ఒక్కోటీ 22 నుంచి 25 కిలోలట. ఇప్పుడు చెప్పండి.

#5
లెక్కల_మాస్టారు, విజయనగరం

అమ్మా, ఇంత చక్కగా కొలతలు తెచ్చాక లెక్క వేయకపోతే నా ముప్పై ఏళ్ళ సర్వీసుకే అవమానం. ఓపికగా చదవండి.

పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు ఎంత దూరం పోతుంది? అదొక్కటే చూడాలి. ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణిస్తే వచ్చేస్తుంది. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకి సుమారు 2.07 మీటర్లు, 27.5 ది సుమారు 2.15 మీటర్లు పోతుంది. టైరు లావును బట్టి కాస్త అటూఇటూ.

సింగిల్ స్పీడ్: 44 ని 16 తో భాగిస్తే 2.75. చుట్టుకి 5.7 మీటర్లు. అది ఎప్పుడూ అంతే, బీచ్ రోడ్డు మీదా అంతే, కొండ మీదా అంతే.

7 గేర్లది: ఏడో గేరులో 42 బై 14, అంటే 3. చుట్టుకి 6.45 మీటర్లు. ఒకటో గేరులో 42 బై 28, అంటే 1.5. చుట్టుకి 3.2 మీటర్లు.

ఇప్పుడు కొండ. మీరు, సైకిలు, బ్యాగు కలిపి 95 కిలోలనుకుందాం. వంద మీటర్లకి 8 మీటర్లు లేచే ఎత్తు మీద గంటకి 10 కి.మీ. వేగంతో వెళ్ళాలంటే చక్రం దగ్గర దాదాపు 230 వాట్లు కావాలి. అలవాటు లేని మనిషి కాళ్ళు నిలకడగా ఇచ్చేది ఓ వంద వాట్లు. మిగతాది మోటార్ ఇస్తుంది. ఇంతవరకూ ఏ గేరైనా ఒకటే.

తేడా వచ్చేది ఇక్కడ. గంటకి 10 కి.మీ. అంటే నిమిషానికి 167 మీటర్లు. సింగిల్ స్పీడ్‌లో మీ కాళ్ళు నిమిషానికి 29 చుట్లు తిరుగుతాయి. 7 గేర్లదాంట్లో ఒకటో గేరులో 52 చుట్లు. అదే వంద వాట్లు ఇవ్వడానికి 29 చుట్ల దగ్గర పెడల్ మీద సగటున 20 కిలోల బలం పెట్టాలి. 52 చుట్ల దగ్గర 11 కిలోలు చాలు. సగటు అంటున్నాను, పెడల్ కిందికి దిగేటప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ బరువంతా ఎవరి మీద? మోకాలి చిప్ప మీద.

మోకాళ్ళు ఇప్పుడున్నట్టే ఉంచుకోవాలని మీరే రాశారు. సింగిల్ స్పీడ్ మీకు వద్దు.

#6
గచ్చిబౌలి_గేరు

మాస్టారూ, లెక్క ఒప్పుకుంటా. కానీ నేను 20 కిలోలు పెట్టనే పెట్టను కదా! మన దగ్గర దొరికే చవక సైకిళ్ళలో ఉండేది పెడల్ తిరుగుతుందా లేదా అని చూసే సెన్సారు. కాలు ఎంత గట్టిగా నొక్కుతోందో దానికి తెలియదు. ఊరికే కాళ్ళు తిప్పుతుంటే మోటార్ తన పని తాను చేస్తది. పైగా స్కూటీ యాక్సిలరేటర్ లాగా థ్రాటిల్ ఉండనే ఉంది.

#7
లెక్కల_మాస్టారు

బాబూ, నువ్వు కాళ్ళు ఊరికే తిప్పితే ఆ 230 వాట్లూ మోటారే ఇవ్వాలి. దాన్ని గంటకి 25 కి.మీ. దగ్గర హాయిగా తిరిగేలా తయారు చేస్తారు. కొండ మీద 10 కి.మీ. కి పడిపోతే అది సగం కన్నా తక్కువ వేగంతో తిరుగుతూ, బ్యాటరీ నుంచి మాత్రం పూర్తిగా పీల్చుకుంటుంది. అందులో చాలా భాగం వేడిగా పోతుంది. ఎక్కాక డబ్బా మీద చెయ్యి పెట్టి చూడు. పాలగిన్నెలా ఉంటుంది.

ఇంకొకటి. ఊరికే తిప్పడానికైనా గేరు కుదరాలి. నిమిషానికి 29 చుట్లు అంటే రెండు సెకన్లకి ఒకటి. అది తిప్పడం కాదు నాయనా, గానుగ.

#8
కాలువగట్టు, అమలాపురం దగ్గర

ఆయ్, గానుగ అన్నారు కాబట్టి నా ముచ్చట కూడా చెప్పాలండి.

మాకు కొండల్లేవండి. కాలువ గట్టు, కొబ్బరి తోట, మళ్ళీ కాలువ గట్టు. నాది సింగిల్ స్పీడే, ముందు 44, వెనక 18. మాకిదే సరిపోతుందని ఇప్పటికీ అంటాను. కాకపోతే 20 దాటి వెళ్తుంటే కాళ్ళు కుట్టుమిషను తొక్కినట్టుంటాయి.

ఒకరోజు యానాం వెళ్ళి వస్తున్నానండి. ఎదుర్లంక వంతెన ఎక్కేముందు బ్యాటరీ చచ్చింది. పొద్దున ఛార్జింగ్ పెట్టాననుకున్నాను, ప్లగ్గు పెట్టాను గానీ స్విచ్చి వేయలేదు. కింద గోదారి, మీద గాలి, ముందు వంతెన ఎత్తు. పాతిక కిలోల సైకిలు, దాని మీద అత్తగారు ఇచ్చిన అరటిగెల. లేచి నిలబడి తొక్కాను, నాలుగు తొక్కులకి ఆయాసం. దిగి తోసుకుంటూ పోయాను. పక్కనుంచి ఒక ముసలాయన మామూలు సైకిల్ మీద పోతూ "బ్యాటరీదా బాబూ?" అని అడిగి మరీ వెళ్ళాడండి. ఆ అడగటమే ఎక్కువ బాధేసింది.

మేడమ్ గారూ, గేర్ల గురించి మోటార్ నడిచేటప్పుడు కాదు, నడవనప్పుడు ఆలోచించండి.

#9
పాత_ఎంటీబీ, విజయవాడ

21 గేర్ల పక్షాన ఎవరూ లేరు కాబట్టి నేను వస్తున్నా. పాత గేర్ సైకిల్‌కి హబ్ మోటార్ కిట్ పెట్టించాను, 21 గేర్లు అలాగే ఉన్నాయి. ముందు 42, 34, 24.

నిజం చెప్పాలంటే 21 అనేది పేరుకే. మాస్టారి పద్ధతిలోనే చూడండి: 42 బై 24 అంటే 1.75. 34 బై 20 అంటే 1.7. కాలికి రెండూ ఒకటే. అలాగే 42 బై 28, 24 బై 16 రెండూ సరిగ్గా 1.5. ఇలా వేసుకుంటూ పోతే దాదాపు సగం నకళ్ళు. మిగిలినవాటిలో మూడు నాలుగు చైన్ అడ్డంగా సాగి కరకరలాడే జోడీలు. పెద్దదాంట్లో పెద్దది, చిన్నదాంట్లో చిన్నది వేయకూడదని కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

మోటార్ పెట్టాక ముందు గేరు మార్చింది నాలుగైదు సార్లు. ఎడమ హేండిల్ మీద ముందు గేరు మీట, దాని పక్కన డిస్‌ప్లే బటన్లు, బెల్లు, బ్రేకు. చేతికి బొటనవేలు ఒక్కటే. ఒకసారి బెల్లు కొట్టబోయి గేరు నొక్కి, బందరు రోడ్డు మధ్యలో చైన్ పడేసుకున్నాను.

అయినా ఆ 24 పళ్ళ చక్రాన్ని తీసేయను. కాలువగట్టు గారి కథే నాకూ జరిగింది, గుణదల కొండ దగ్గర. 24 కి మార్చి, నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో, దిగకుండా ఇంటికొచ్చాను. ఏడాదికి ఒక్కరోజు పనికొచ్చే సామాను అటక మీద పెట్టుకోమా? అలాగే.

#10
ఎదురుగాలి, ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్

ఇక్కడి సంగతి కాస్త. ఈ ఊళ్ళో కొండ అన్నది పిల్లల పుస్తకాల్లోనే ఉంటుంది, కానీ ఎదురుగాలి ఉంటుంది. అది దిగడం లేని కొండ. నాది మిడ్ డ్రైవ్, వెనక చక్రం లోపల దాగి ఉండే 8 గేర్ల హబ్, షిమానో కంపెనీ నెక్సస్. మోటార్ నియమం ఇక్కడా మనదేశంలాగే 250 వాట్లు, 25 కి.మీ.

ఈ లోపలి గేర్లలో నాకు నచ్చిందేమిటంటే, ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మారుతుంది. మామూలు గేర్లు తొక్కుతుంటేనే మారతాయి. సిగ్నల్ దగ్గర ఏడులో ఆగిపోతే మళ్ళీ బయల్దేరడం నరకం. చైన్ మొత్తం డబ్బాలో ఉంటుంది, వాన పడినా మంచు పడినా తుడిచే పని లేదు. అయితే ఇది అలల_ఒడ్డు గారికి పనికిరాదు. వెనక హబ్‌లో మోటార్ కూర్చున్నాక ఈ గేర్ల హబ్‌కి చోటుండదు.

మిడ్ డ్రైవ్ కొనేవాళ్ళకి ఒక్క మాట. గేర్లు ఎక్కువైతే చైన్ సన్నబడుతుంది. 7, 8 గేర్ల చైన్ వెడల్పు 7 మిల్లీమీటర్ల పైచిలుకు, 12 గేర్లది 5 పైచిలుకు. కాళ్ళ బలానికి మోటార్ బలం తోడై అంత సన్నటి చైనుని లాగితే అరుగుదల మామూలుగా ఉండదు. గేరు మార్చేటప్పుడు ఒక్క క్షణం కాలు వదులు చేయకపోతే టకామని ఒక శబ్దం వస్తుంది, ఒళ్ళు జలదరిస్తుంది. మామూలు సైకిళ్ళకి గేర్లు పెంచుకుంటూ పోతున్న రోజుల్లోనే, 2016లో, స్రామ్ కంపెనీ ఈ-బైకుల కోసం ప్రత్యేకంగా ఎనిమిది గేర్ల సెట్టు తెచ్చింది. 11 నుంచి 48 పళ్ళ దాకా, కానీ ఎనిమిదే. షిమానో కూడా తర్వాత లింక్‌గ్లైడ్ అని మందపాటి పళ్ళవి తెచ్చింది. సంఖ్య పెంచడం గొప్ప కాదని వాళ్ళకీ తెలుసు.

#11
అలల_ఒడ్డు

అందరికీ చాలా థాంక్స్. అరటిగెల కథ మా ఇంట్లో రెండుసార్లు చదివించుకున్నారు.

అంటే సింగిల్ వద్దు, 21 అనవసరం, 7 సరిపోతుంది. ఇంతేనా? ఆ 14 నుంచి 28 నాకు చాలుతుందా? 14 నుంచి 34 ఉన్నవి కూడా వస్తాయని ఎక్కడో చదివాను.

#12
పానా_18

వస్తాయి మేడమ్. షిమానో ఏడు గేర్ల ఫ్రీవీల్‌లో, అంటే వెనక పళ్ళ చక్రాల గుత్తిలో, 28 ది ఉంది, 34 ది ఉంది. 34 దాంట్లో ఒక తిరకాసు ఉంది. మిగతా ఆరూ అవే: 14, 16, 18, 20, 22, 24. అన్నిటికన్నా పెద్దది, అంటే ఒకటో గేరు, మాత్రం 24 నుంచి ఒక్కసారిగా 34 కి గెంతుతుంది. కొండ మొదట్లోనే వేసుకోవాలి. సగం ఎక్కాక, కాలు బిగుసుకున్నాక వేస్తే ఎక్కదు, ఎక్కినా చప్పుడు చేసుకుంటూ ఎక్కుతుంది. పైగా దానికి వెనక గేర్ యంత్రం పొడుగుది ఉండాలి, చైనుకి రెండు లింకులు కలపాలి. హబ్ మోటార్ మీద ఫ్రీవీల్ ఊడదీయడం కూడా అందరి వల్లా కాదు. మోటార్ వైరు ఇరుసులోంచే బయటికొస్తుంది, దానికి తగ్గ పల్చటి టూలు కావాలి. లేనివాళ్ళు ఉలీ సుత్తీ పట్టుకుంటారు. అలా కొట్టి తెచ్చినవి నా షాపులో రెండున్నాయి.

ఇక ఎవరూ చెప్పని సంగతి ఒకటి. మీరు తొక్కేది బీచ్ రోడ్డు. ఉప్పుగాలికి మొదట పోయేది చైన్ కాదు, గేరు వైరు. బయటికి బాగానే కనిపిస్తుంది, గొట్టం లోపల తుప్పు పట్టి బిగుసుకుంటుంది. నొక్కితే గేరు మారదు, ఇంకా నొక్కితే రెండు మారతాయి. గేరు పాడైందని వస్తారు, నేను వైరు, గొట్టం మార్చి పంపిస్తాను. 21 గేర్లదానికి ఇవి రెండు జతలు. అది కూడా లెక్కలో వేసుకోండి.

పంచరు గురించి భయపడకండి. మన రోడ్డు పక్క పంచరు కుర్రాళ్ళు చక్రం ఊడదీయరు, టైరు ఒక పక్క తప్పించి ట్యూబు బయటికి లాగి అక్కడే అతికేస్తారు. మోటార్ జోలికి పోనక్కర్లేదు. ట్యూబు మొత్తం మార్చాల్సి వస్తేనే గొడవ: మోటార్ ప్లగ్గు తప్పించాలి, రెండు పక్కలా 18 నంబరు నట్టు విప్పాలి, ఇరుసు తిరక్కుండా వేసిన వాషరు ఎటు ఉందో గుర్తుపెట్టుకోవాలి. నా పేరు అందుకే అలా పెట్టుకున్నాను.

#13
పెట్రోల్_వద్దు, గుంటూరు

గేర్ల గొడవ అంతా ఎందుకండీ? ఒకాయన 500 వాట్ల మోటార్ పెట్టి, స్పీడు లాక్ తీసేసి ఇస్తానంటున్నాడు. దానితో ఏ గేరులోనైనా ఎక్కేస్తుందట.

#14
లెక్కల_మాస్టారు

ఎక్కుతుంది. అయితే 250 వాట్ల లోపు మోటారు, 25 కి.మీ. కి ఆగిపోయే సాయం ఉన్నంతవరకే అది చట్టం దృష్టిలో సైకిలు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు అక్కర్లేనిది అందుకే. అది దాటితే మోటారు వాహనం. ఏదైనా ప్రమాదం జరిగిన రోజున ఆ "ఒకాయన" మీ పక్కన ఉండడు. ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

అలల_ఒడ్డు గారి ప్రశ్నకే వస్తాను, ఎందుకంటే రాత్రి పడుకున్నాక ఒక ఆలోచన వచ్చింది. అందరం వెనక పళ్ళు పెంచడం గురించే మాట్లాడుతున్నాం. ముందు పళ్ళు తగ్గిస్తే?

42 పళ్ళు మామూలు సైకిల్ కొలత. పల్లంలో 35 మీద పోదామనుకునేవాళ్ళకి. మన మోటారు 25 దగ్గర చేతులెత్తేస్తుంది. ఆపైన పాతిక కిలోల సైకిలుని కాళ్ళతో లాగాలి, ఆఫీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లాగరు. అంటే 25 దగ్గర కాళ్ళు హాయిగా తిరిగితే చాలు. 42 తో ఏడో గేరులో 25 దగ్గర నిమిషానికి 65 చుట్లు. 38 పెడితే 71. ఇంకా హాయి. అటు ఒకటో గేరులో 38 బై 28, చుట్టుకి 2.9 మీటర్లు. కొండ మీద 10 కి.మీ. దగ్గర 57 చుట్లు. వెనకేమీ ముట్టుకోకుండా, 34 పళ్ళ గెంతు లేకుండా, రెండు పక్కలా లాభం.

#15
పానా_18

మాస్టారూ, ఇది నాకెందుకు తట్టలేదో! మంచి మాట. కాకపోతే పనిలో ఒక చిక్కుంది. చవక సైకిళ్ళలో ముందు పళ్ళ చక్రం క్రాంకుకి, అంటే పెడల్ తగిలించే కడ్డీకి, రివెట్టు కొట్టి ఉంటుంది, విడిగా ఊడదు. క్రాంకు సెట్టే మార్చాలి. అది పెద్ద ఖర్చు కాదు. కానీ దాని వెనకే పెడల్ సెన్సారు అయస్కాంతాల బిళ్ళ ఉంటుంది. పల్చటి ప్లాస్టిక్కు. జాగ్రత్తగా తీయకపోతే పుటుక్కుమంటుంది, ఇక మోటారు పెడల్‌కి పలకదు. చైన్ కూడా కొంచెం తగ్గించాలి.

కొనకముందే షాపులో అడగండి. కొత్త సైకిల్ మీద వాళ్ళ చేతే చేయిస్తే వారంటీ గొడవ రాదు. బయట చేయిస్తే రేపు మోటార్ పోయినా ఆ క్రాంకు వల్లే అంటారు.

#16
ఎదురుగాలి

ఒక చిన్న మాట కలుపుతాను. ఎక్కుతూ మధ్యలో ఆగాల్సి వస్తే, ఆగకముందే చిన్న గేరుకి మార్చేయండి. పెడల్ తిరిగే సెన్సారు సైకిళ్ళలో కాలు కాస్త తిరిగాకే మోటార్ లేస్తుంది. ఆ మొదటి అర చుట్టు మీదే. ఎత్తు మీద, పెద్ద గేరులో, ఆ అర చుట్టు తిరగదు. సైకిలు వెనక్కి జారుతుంది.

#17
అలల_ఒడ్డు

నిన్న టెస్ట్ రైడ్‌కి వెళ్ళాను. షాపు ముందు చదునుగా ఉంటే ఏం తెలుస్తుందని, పాండురంగాపురం దిగి బీచ్ రోడ్డుకి, అక్కణ్ణించి మళ్ళీ పైకి. సేల్స్ అబ్బాయి బండి మీద వెనకాలే వచ్చాడు పాపం.

మొదట సింగిల్ స్పీడ్. దిగేటప్పుడు బ్రహ్మాండం. ఎక్కేటప్పుడు మోటార్ లాగుతోంది కానీ, వేగం పడిపోతున్న కొద్దీ పెడల్ కింద ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు బిగుసుకుంటూ వచ్చింది. సగంలో ఆటో ఒకటి అడ్డం వచ్చి ఆగాను. మళ్ళీ బయల్దేరలేకపోయాను. ఎదురుగాలి గారు చెప్పిన అర చుట్టు అదే! థ్రాటిల్ నొక్కి బయటపడ్డాను.

తర్వాత 7 గేర్లది. ఒకటో గేరు కిందే వేసుకుని మొదలుపెట్టాను. వేగం దాదాపు అంతే, కానీ కాలు తిరుగుతూనే ఉంది. మాట్లాడుతూ ఎక్కాను. తేడా అంతా అక్కడే. పైకొచ్చాక మాస్టారు చెప్పినట్టు మోటార్ డబ్బా ముట్టుకున్నాను, గోరువెచ్చగా ఉంది. సింగిల్ స్పీడ్‌ది ముట్టుకోవడం మర్చిపోయాను, కాబట్టి ఇది సైన్స్ కాదు :)

21 ది ఎక్కలేదు. ఎడమ హేండిల్ చూసి, పాత_ఎంటీబీ గారి బందరు రోడ్డు గుర్తొచ్చి వదిలేశాను.

7 గేర్లదే తీసుకున్నాను. 38 పళ్ళ క్రాంకు వాళ్ళ దగ్గర లేదు, తెప్పిస్తామన్నారు. ముందు 42 తోనే నడిపి చూస్తాను.

#18
గచ్చిబౌలి_గేరు

కంగ్రాట్స్ అక్కా. నేను మాత్రం నా సింగిల్‌తోనే ఉంటా. మీ ఊరొస్తే మీ సైకిలే అడిగి తీసుకుంటా.

#19
అలల_ఒడ్డు
(రెండు నెలల తర్వాత)

ఎవరైనా ఇదే ప్రశ్నతో వస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

వారానికి నాలుగు రోజులు సైకిల్ మీదే వెళ్తున్నాను. ఏడు గేర్లలో నిజంగా వాడేది ఐదు. బీచ్ రోడ్డు మీద 6 లేదా 7. తెన్నేటి పార్కు దగ్గర 4. ఆఫీసు కొండకి 2, గేటు ముందు మలుపులో 1. 3, 5 దారిలో వచ్చి పోతాయంతే. గాలి ఎదురుగా ఉన్న సాయంత్రాల్లో, ఎత్తు లేకపోయినా 5 కి దిగుతాను. అది ఎవరూ చెప్పలేదు, కాళ్ళే చెప్పాయి.

38 కి మార్చలేదు ఇంకా. 42 తో ఆ చివరి మలుపు ఇబ్బందే, కానీ దిగాల్సి రాలేదు. ఒకసారి కావాలని మోటార్ ఆపి ఆ కొండ ఎక్కడానికి ప్రయత్నించాను. మూడో వంతు ఎక్కి దిగిపోయాను. ఆ రోజు 34 పళ్ళు గుర్తొచ్చాయి, అరటిగెల కూడా.

పానా_18 గారూ, వారం నుంచి 4 నొక్కితే 4 లో ఉండట్లేదు. కాసేపు టిక్ టిక్ మని 5 లోకి జారిపోతోంది. ఇది మీరు చెప్పిన వైరేనా?

#20
పానా_18

రెండు నెలలకే వైరు తుప్పు పట్టదు మేడమ్. కొత్త వైరు మొదట్లో కాస్త సాగుతుంది, అదయ్యుంటుంది. గేరు మీట దగ్గర వైరు బయటికొచ్చేచోట గుండ్రటి మర ఉంటుంది. దాన్ని మీ వైపు నుంచి చూస్తూ అర చుట్టు బయటికి తిప్పి, ఒకసారి తొక్కి చూడండి. ఇంకా జారితే మరో పావు చుట్టు. అంతకన్నా తిప్పొద్దు.

ఎప్పుడైనా కుడి పక్కకి పడేశారా? పడితే గేరు వేలాడే కొక్కెం వంగి ఉండొచ్చు, అప్పుడు మర ఎంత తిప్పినా లాభం లేదు. ఆదివారం పది దాటాక షాపుకి తీసుకురండి, చూస్తాను. 38 పళ్ళ క్రాంకు ఒకటి వచ్చి ఉంది.

#21
అలల_ఒడ్డు

పడేశాను :( ఆఫీసు పార్కింగ్‌లో, కుడి పక్కకే. ఆదివారం వస్తున్నాను.